ఛత్తీస్‌గఢ్ జానపద గేయాలు: మూలాల అన్వేషణ

రాయపూర్ పరిసరాల మైదానానికి ‘ధాన్యపు గిన్నె’ అని పేరు. ఇచ్చటి జానపద గేయాలలో పెక్కింటికి వరి పంటతో విడదీయరాని సంబంధమున్నది. పంట ఇల్లు చేరే కాలమే పాటలు ఇల్లిల్లూ తిరిగే కాలం.

వీటిలో ప్రసిద్ధమైనవి సువా గీతాలు. ‘సువా’ అనగా చిలుక. దీపావళి దినాలలో స్త్రీలు వడ్లు నింపిన బుట్టలో మట్టి చిలుకను నిలిపి, దానిని వాకిట నడుమ ఉంచి, చుట్టూ వలయంగా తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడతారు. వేరే వాద్యమేదీ ఉండదు. మన గొబ్బి పాటలు ఎరిగిన వారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. లభించిన ధాన్యాన్నీ, ధనాన్నీ గౌరా-గౌరీ కల్యాణోత్సవానికి వినియోగించడం ఆచారం.

ఈ గేయాలలోని భావం గంభీరమైనది. పరదేశమేగిన భర్తకు సందేశం, అత్తింటి ఆరళ్లు, మరుజన్మలో స్త్రీగా పుట్టించవద్దన్న వేడుకోలు చిలుకతో చెప్పుకునే మాటలుగా సాగుతాయి. మనిషితో చెప్పరానిది పక్షితో చెప్పవచ్చును కదా! కావ్యాలలోని మేఘ, హంస, శుక సందేశాలు దీనికి బంధువులే. అయితే కావ్యం నుండి పల్లెకు వచ్చినదో, పల్లె నుండి కావ్యానికి వెళ్లినదో నిర్ణయించడం సాధ్యం కాదు.

పుష్య పూర్ణిమనాడు జరిగే ‘ఛేర్‌ఛేరా’ పిల్లల పండుగ. గాదెలోని ధాన్యం తీసి పెట్టమని ఇంటి తల్లిని అడుగుతూ బాలబాలికలు ఇంటింటికీ తిరుగుతారు. ఇది యాచన కాదు; పంటలో ఊరివారందరికీ పాలున్నదని చాటే సంప్రదాయం.

ఈ గేయాలను గ్రంథస్థం చేసినవారిలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. ఆయన ‘ఛత్తీస్‌గఢ్ జానపద గేయాలు’ అనే ఆంగ్ల గ్రంథం 1946లో వెలువడింది. తెలుగునాట బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వచ్చింది. అయితే అచ్చులో కనిపించేది ఒక ఊరిలో ఒకనాడు పాడిన రూపం మాత్రమే. పక్క ఊరిలో అదే పాటకు చరణాలు మారుతాయి. కనుక ‘అసలు పాఠం’ ఏదన్న ప్రశ్నకంటె, ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో పాడారన్నదే ప్రధానం.

1963లో రాయపూర్ ఆకాశవాణి కేంద్రం ఏర్పడినది. 1971లో దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ ‘చందైనీ గోందా’ ప్రదర్శనను ఆరంభించారు. రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ పల్లె కళాకారులను దేశ రంగస్థలాలపై నిలిపారు. దీనితో పాటల వ్యాప్తి పెరిగినది. కానీ కర్తృత్వ సమస్యయు తలెత్తినది. 2010 నాటి ‘పీప్లీ లైవ్’ చిత్రంలో నగీన్ తన్వీర్ పాడిన తత్త్వగీతాన్ని పలువురు అజ్ఞాతకర్తృకమైన జానపద గేయమనే తలచారు. దాని రచయితకు గంగారాం సాఖేత్ అనే పేరున్నది. 2019లో రాష్ట్రగీతంగా స్వీకరింపబడిన నదీస్తుతి కూడ డాక్టర్ నరేంద్ర దేవ్ వర్మ రచనయే.

జానపదమన్న మాట రచయిత పేరును మరుగుపరచరాదు. వాకిట చిలుక చుట్టూ పాడే స్త్రీలలో చరణాలు కూర్చినవారి పేర్లు ఏ గ్రంథమూ చెప్పదు. నేడు పాటను సేకరించేవారు దానితోపాటు పాడినవారి పేరును, ఊరును, తేదీని నమోదు చేసినచో, భావితరాలకు ఈ లోపమైనా కొంత తీరుతుంది.