కాలువకు తలుపు, క్వాంటం చిప్‌కు గేటు

అమరావతికి క్వాంటం కంప్యూటర్ తెస్తామన్న ప్రకటన వచ్చి చాలా రోజులైంది. ఎన్ని క్యూబిట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్నదాని మీద బోలెడంత చర్చ జరిగింది. చిప్ లోపల ఏముంటుందన్నది మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. నిజానికి ఈ రంగం భవిష్యత్తు తేలేది అక్కడే!

చలిలోనే లెక్కలు

2025 మేలో ఐబీఎం, టీసీఎస్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ప్రకటించిన ప్రణాళిక ప్రకారం, అక్కడ పెట్టేది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. మామూలు బిట్ సున్నా అయినా కావాలి, ఒకటి అయినా కావాలి. క్యూబిట్ ఆ రెండూ కలిసిన స్థితిలోనూ ఉండగలదు. కాకపోతే ఆ స్థితి మహా సున్నితం. కాస్త వేడి తగిలినా చెదిరిపోతుంది. అందుకే చిప్‌ను దాదాపు మైనస్ 273 డిగ్రీల దాకా చల్లబరుస్తారు.

అంత చలిలో అల్యూమినియం అతివాహకం అయిపోతుంది, అంటే కరెంటుకు నిరోధమే ఉండదు. రెండు అల్యూమినియం పొరల మధ్య అతి పల్చటి ఆక్సైడ్ పొర పెడితే, ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా దాన్ని కూడా దాటేస్తాయి. దీన్నే జోసెఫ్సన్ జంక్షన్ అంటారు. ఇలాంటి సర్క్యూట్లలో క్వాంటం ధర్మాలు కనిపిస్తాయని 1980ల్లో ప్రయోగాలతో చూపినందుకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు 2025లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

తలుపు ఎత్తితే నీళ్లు

గోదావరి జిల్లాల వాళ్లకు కాలువ లాకుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తలుపు ఎంత ఎత్తితే అంత నీరు. తలుపు లేని తూములో ఆ వీలుండదు. ఆక్సైడ్ జంక్షన్ సరిగ్గా ఆ తలుపు లేని తూము లాంటిదే. తయారీలో పొర మందం ఎంత వస్తే అంతే, తర్వాత మార్చలేం. సర్దుబాటు కావాలంటే రెండు జంక్షన్లను వలయంగా కలిపి, పక్క తీగలో కరెంటు పంపి, అయస్కాంత క్షేత్రంతో నడిపించాలి.

మరి జంక్షన్‌కే తలుపు పెడితే? ఆక్సైడ్ బదులు ఇండియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంతో చేసిన నానో తీగను పెట్టారు. దాని మందం మన వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. పక్కనున్న గేటుకు ఇచ్చే వోల్టేజీని మారిస్తే తీగలో ఎలక్ట్రాన్ల ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది. దాంతో పాటే క్యూబిట్ ఫ్రీక్వెన్సీ మారుతుంది. 2015లో కోపెన్‌హాగన్, డెల్ఫ్ట్ బృందాలు విడివిడిగా దీన్ని చేసి చూపించాయి. దీని పేరు గేట్‌మాన్.

ఐడియా బాగుంది కానీ, తొలి గేట్‌మాన్లు తమ స్థితిని నిలుపుకున్నది మైక్రోసెకను అటూ ఇటూ మాత్రమే. ఇవాళ్టి మంచి ఆక్సైడ్ క్యూబిట్లు వందల మైక్రోసెకన్లు నిలుస్తున్నాయి. పదార్థం ఎంత శుభ్రంగా ఉంటే ఆయుష్షు అంత పెరుగుతుంది.

తొందరపడితే...

అర్ధవాహకం, అతివాహకం కలిసిన ఈ నిర్మాణాల్లోనే మయొరానా స్థితులు దొరుకుతాయని కొందరి ఆశ. దొరికితే తప్పులు తక్కువ చేసే క్యూబిట్లు వస్తాయి. 2018లో డెల్ఫ్ట్ బృందం దీని మీద నేచర్ పత్రికలో వేసిన పరిశోధన పత్రాన్ని 2021లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయొరానా 1 చిప్‌ను ప్రకటిస్తే, రుజువులు చాలవని పలువురు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. పెద్ద కంపెనీ చెప్పినా సరే, రుజువు అడగడమే సైన్స్ పద్ధతి.

మన పిల్లల సంగతి

‘‘అన్నయ్యా, ఏ కోర్సు చేస్తే క్వాంటంలో ఉద్యోగం వస్తుంది?’’ అని మా కపిలేశ్వరపురం కుర్రాళ్లు అడుగుతుంటారు. ప్రోగ్రామింగ్ రుచి చూడటానికి వేలకు వేలు పోయనక్కర్లేదు. ఐబీఎం 2016 నుంచే ఇంటర్నెట్ ద్వారా తన క్వాంటం మెషీన్ మీద ప్రయోగాలు చేసే అవకాశం ఇచ్చింది. కిస్కిట్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

అయితే తెచ్చుకున్న మెషీన్ మీద కోడ్ రాయడం ఒకటి, మెషీన్ తయారు చేయడం ఇంకొకటి. రెండోదానికి ఫిజిక్స్, మెటీరియల్స్, ఎలక్ట్రానిక్స్, అతిశీతల పరికరాలు తెలిసినవాళ్లు కావాలి. ముంబయిలోని టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలు, డీఆర్‌డీఓ, టీసీఎస్ కలిసి 2024లో 6 క్యూబిట్ల అతివాహక ప్రాసెసర్‌ను పరీక్షించారు. జాతీయ క్వాంటం మిషన్ పరికరాలు, పదార్థాల కోసం ఐఐటీ ఢిల్లీలో ప్రత్యేక కేంద్రం పెట్టింది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా బీఎస్సీ ఫిజిక్స్ చదువుతానంటే, కంప్యూటర్ సైన్స్ సీటు రాలేదా అని జాలిపడకండి. లాకు తలుపు తిప్పేవాళ్లు ఎంత అవసరమో, లాకు కట్టడం తెలిసినవాళ్లూ అంతే అవసరం.