ఎన్ని వేట్లకు చెట్టు కూలును?

గణితశాస్త్రములో ‘వృక్షము’ అనే మాటకు ప్రత్యేకమైన అర్థము ఉన్నది. కాగితముమీద కొన్ని చుక్కలు పెట్టి వాటిని గీతలతో కలిపినప్పుడు, ఏ చుక్కనుండి ఏ చుక్కకు పోవలెనన్నా ఒకే ఒక దారి ఉంటే ఆ బొమ్మను వృక్షము అంటారు. చుక్కలను కణుపులనీ, గీతలను కొమ్మలనీ పిలువవచ్చును. బయలుదేరిన చోటికే చుట్టి వచ్చే దారి ఇందులో ఉండదు గనుక కణుపులకంటె కొమ్మలు ఎప్పుడూ ఒకటి తక్కువ. ఇండ్లలో వ్రాసి ఉంచుకొనే వంశవృక్షము ఇటువంటిదే. కాని మేనరికాలు జరిగిన కుటుంబములో తల్లి వైపు గీతలు కూడ గీస్తే దారులు మళ్ళీ కలిసిపోయి, అది గణితజ్ఞుని దృష్టిలో వృక్షము కాకుండా పోతుంది!

కణుపులలో ఒకదానిని మూలముగా ఎంచుకొంటారు. బొమ్మలో మూలమును పైన ఉంచి కొమ్మలను కిందికి గీయడము వాడుక. భగవద్గీతలో వర్ణించిన అశ్వత్థమువలె ఇది తలకిందుల చెట్టు.

కొమ్మలకు ఒక్కొక్క చీటీ వ్రాసి, కళ్ళు మూసుకొని ఒక చీటీ తీసి ఆ కొమ్మను నరికినారనుకోండి. చెట్టు రెండు ముక్కలవుతుంది. మూలము లేని ముక్కను పారవేసి, మిగిలిన కొమ్మల చీట్లను కలిపి మళ్ళీ ఒకటి తీయాలి. మూలము ఒంటరిగా మిగిలేవరకు ఇట్లా చేస్తే మొత్తము ఎన్ని వేట్లు పడతాయి? కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన మెయిర్, మూన్ అనే ఇద్దరు గణితశాస్త్రజ్ఞులు 1970లో ఈ ప్రశ్నను విచారించినారు. చూడడానికి ఇది పిల్లల ఆటవలె ఉన్నది. కాని విడిపోవడమును వెనుకకు నడిపిస్తే కలిసిపోవడము అవుతుంది. విడివిడి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద అణువులు కావడము, కంప్యూటరు చిన్న జాబితాలను కలిపి పెద్దవి చేయడము వంటివాటికి ఇదే గణితము పనికివస్తుంది.

మొదట రెండు సులభమైన చెట్లు. మూలమునకు కొమ్మలన్నీ నేరుగా, చక్రపు ఆకులవలె అంటుకొని ఉంటే ఒక్కొక్క వేటుకు ఒక్కొక్క కొమ్మే రాలుతుంది. ఎన్ని కొమ్మలో అన్ని వేట్లు. కొమ్మలన్నీ ఒకదానికింద ఒకటి వెదురుగడవలె ఉంటే సంగతి వేరు. మూలమునకు దగ్గర వేటు పడితే దానికి కిందిదంతా ఒక్కసారిగా పోతుంది.

వెదురును లెక్కించడానికి చక్కని ఉపాయము ఉన్నది. వేటు వేటుకూ చీట్లు కలపడము మాని, మొదటనే కొమ్మలన్నిటికీ చీట్లు తీసి వరుస సంఖ్యలు ఇచ్చివేయండి. ఆ వరుసలో నరుకుతూ పోవాలి. తన వంతు వచ్చేసరికే రాలిపోయిన కొమ్మకు వేటు అక్కరలేదు. రెండు పద్ధతుల ఫలితమూ ఒకటే. ఇప్పుడు ఒక కొమ్మకు వేటు ఎప్పుడు పడుతుంది? తననుండి మూలమువరకు ఉన్న దారిలోని కొమ్మలన్నిటిలో తన సంఖ్యయే చిన్నది అయినప్పుడు మాత్రమే. ఆ దారిలో తనతో కలిపి మూడు కొమ్మలుంటే దానికి సంభావ్యత మూడింట ఒకటి; పది ఉంటే పదింట ఒకటి. కొమ్మలన్నిటికీ ఈ భిన్నములను కూడితే వేట్ల సగటు సంఖ్య వస్తుంది. ఏ చెట్టుకైనా ఇదే సూత్రము. స్వీడన్ దేశపు యాన్సన్ 2006లో ప్రచురించిన వ్యాసములో ఈ దృష్టితోనే అనేక రకముల చెట్లను పరిశీలించినాడు.

మూడు కొమ్మల వెదురుకు సగటు ఒకటి, అర, మూడోవంతు కలిపి 1.83. నూరు కొమ్మల వెదురుకు 5.19 మాత్రమే! వర్షపాతపు రికార్డుల లెక్క కూడ ఇదే. ఏ సంవత్సరపు వాన ఎంతో ముందటి సంవత్సరములతో సంబంధము లేకుండా నిర్ణయమయ్యేటట్లయితే, నూరేళ్ళలో మునుపటి వానలన్నిటినీ మించిన సంవత్సరములు సగటున ఐదే.

ప్రతి కణుపునుండి రెండేసి కొమ్మలు చీలుతూ పది అంతస్తులు దిగిన చెట్టులో 2046 కొమ్మలుంటాయి. సూత్రము ప్రకారము దానికి సుమారు 237 వేట్లు కావాలి. అన్నే కొమ్మల వెదురుకు 8 చాలును. చక్రమునకు 2046 వేట్లూ పడతాయి. కొమ్మల సంఖ్య ఒకటే అయినా వేట్లను నిర్ణయించేది చెట్టు ఆకారము.

మరి చెట్టునే చీట్లు వేసి ఎన్నుకొంటే? పేర్లున్న నాలుగు కణుపులను కలిపి 16 వృక్షములు గీయవచ్చును: 12 వెదుళ్ళు, 4 చక్రములు. పది కణుపులకు ఈ సంఖ్య పది కోట్లు. కణుపుల సంఖ్యను దానికంటె రెండు తక్కువైన ఘాతమునకు హెచ్చిస్తే వృక్షముల సంఖ్య వస్తుందని 1889లో కేలీ ప్రకటించినాడు. పద్నాలుగేళ్ళు లండనులో న్యాయవాదిగా ఉంటూ గణితము వ్రాసిన ఆంగ్లేయుడు ఇతడు. బోర్కార్ట్ అనే జర్మను 1860లోనే ఈ సంగతి చూపినాడు గాని పేరు కేలీకే దక్కినది.

అన్నిటికీ సమానావకాశమిచ్చి ఒక కేలీ వృక్షమును తీస్తే, అందులో ఒక మామూలు కణుపు మూలమునకు ఎంత దూరములో ఉంటుంది? ఇంచుమించు కణుపుల సంఖ్య యొక్క వర్గమూలమంత. పదివేల కణుపుల చెట్టులో నూరు, నూట ఇరవై మెట్లు. కాబట్టి పదివేల కొమ్మలలో ఒక్కొక్కదానికి వేటు పడే అవకాశము నూటికి ఒకటి చొప్పున ఉంటుంది. వేట్లు కూడ నూరు ప్రాంతములోనే ఉండాలి. మెయిర్, మూన్ కనుగొన్న సగటు సరిగా సుమారు 125.

అయితే ఈ సగటును నమ్ముకొంటే మోసపోతారు. నాణెమును పదివేలసార్లు ఎగురవేస్తే బొమ్మలు సగటున 5000. ప్రామాణిక విచలనము 50 మాత్రమే. ప్రయోగము పెద్దదయినకొద్దీ సగటుతో పోల్చినప్పుడు తేడా చిన్నదవుతుంది. ఇక్కడ అట్లా జరగదు. సగటు 125 ఉండగా విచలనము 65 వరకు ఉన్నది. చెట్టు ఎంత పెద్దదైనా ఈ నిష్పత్తి తగ్గదు. నూరు చెట్లు నరికితే పన్నెండింటికి 50 వేట్లయినా పట్టవు. పదమూడింటికి 200 దాటుతాయి. ఈ పంపకమునకు రేలీ పంపకమని పేరు. ఒకే స్థాయి గల అనేక ధ్వనులు క్రమము లేకుండా కలిసినప్పుడు మొత్తము ధ్వని ఎంతవుతుందో 1880లో లెక్కకట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ పేరుమీద అది వచ్చినది.

విచిత్రమేమంటే, కేలీ వృక్షములో తోచినట్లు ఎన్నుకొన్న రెండు కణుపుల మధ్య దూరము కూడ ఈ పంపకమునే అనుసరిస్తుంది. ఇది కాకతాళీయమా? కాదని 2014లో అడారియో-బెర్రీ, బ్రూటిన్, హోల్మ్‌గ్రెన్ ఒక అందమైన నిర్మాణముతో చూపినారు. కొమ్మకు బదులు కణుపును చీటీతో ఎన్నుకొని, దానిని కిందిభాగముతో సహా నరుకుతూ, మూలము చీటీయే వచ్చినప్పుడు ఆపాలి. పారవేయవలసిన ముక్కలను నరికిన వరుసలోనే పేర్చి, ఒక్కొక్కదాని తలను తరువాతిదాని తలకు కొత్త కొమ్మతో కట్టాలి. అప్పుడు ఏర్పడేది మళ్ళీ ఒక కేలీ వృక్షమే. ఏ వృక్షమునకూ పక్షపాతము లేదు. ముక్కల తలలు కలిసిన వెన్నెముక, ఆ కొత్త చెట్టులో చీటీ వేసి తీసిన రెండు కణుపుల మధ్య దారి. ఆ దారిలోని కణుపులు ఎన్నో వేసిన వేట్లు అన్ని.