రాని పెట్టె, వచ్చిన ఫ్యాక్స్

1994 జూన్‌లో ఒక జనరేటర్ రోటార్ పరీక్షకు సంస్థ తరఫున మేమిరువురము జర్మనీ వెళ్ళాము. నిమిషానికి 3,000 చుట్లు తిరగవలసిన రోటార్‌ను 3,600 చుట్ల వేగంతో 2 నిమిషాలు తిప్పుతారు. చెక్కు చెదరలేదని మేము సంతకం చేయాలి. శనివారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే మా పెట్టె రాలేదు. కంపనాల పరిమితులతో కూడిన ఆమోదిత తనిఖీ పత్రాలు, ఆవకాయ సీసా రెండూ అందులోనే! (ఆవకాయను విమానం వారికి అప్పగించవచ్చు గాని, పత్రాలను అప్పగించరాదు.)

నాటి జర్మన్ చట్టం ప్రకారం శనివారం సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకే దుకాణాలు మూసేవారు, ఆదివారం సరేసరి. రైల్వే స్టేషను అంగళ్ళకు మినహాయింపు ఉండేది. అక్కడి రొట్టె, గడ్డపెరుగుతో కాలక్షేపం చేశాము. ఆ పెరుగు రుచి నేటికీ మరువలేదు.

సోమవారం 8 గంటలకు పరీక్ష. కర్మాగారం వారి ప్రతితో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. వారి కొలతలను వారి కాగితాలతోనే సరిచూస్తే అది తనిఖీ అనిపించుకోదు. చివరకు కాలభేదమే ఆదుకున్నది. వేసవిలో మన గడియారం వారికంటే మూడున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 6 గంటలకు మేము ఫోను చేసేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర, కార్యాలయం తెరిచే ఉన్నది. ఏడు కాకముందే హోటలు ఫ్యాక్స్ యంత్రం నుండి మా పత్రాలు ఒక్కొక్క పుటే వెలువడసాగాయి.

నలిగిన చొక్కాలతోనే పరీక్షకు హాజరయ్యాము. రోటార్ నెగ్గింది. పెట్టె మంగళవారం వచ్చింది, సీసా పగలలేదు.