కుండీలోని తంబాకు మొక్క: అపోహలు, వాస్తవములు

నారాయణఖేడ్ సీమలో పొగాకు అను మాటకంటె తంబాకు అను మాటయే జనుల నోట ముందుగా పలుకును. తెలుగును, కన్నడమును, మరాఠీయును ఒకే సంతలో కలిసి వినవచ్చు ఈ సరిహద్దు ప్రాంతమున ఆ మాట మూడు భాషలవారికిని ఉమ్మడి సొత్తు. పెరటి మిరపకు పురుగు పట్టినప్పుడు కషాయము కాచుకొనవచ్చునను తలంపుతో నేను మా వాకిట రెండు కుండీలలో ఆ మొక్కలను పెంచితిని. అవి వాడిన నాడెల్ల చూడవచ్చిన ప్రతివారును ఒక్కొక్క చికిత్స చెప్పిరి. అన్నియు ప్రేమతో చెప్పినవే, కాని వానిలో పెక్కు మేలుకంటె కీడే చేయునవి. కుండీలోని మొక్క రోగముచేత చచ్చుటకంటె, రోగమేదో తెలియకమునుపే చేసిన వైద్యముచేత చచ్చుట ఎక్కువయని నాకు దృఢముగ తోచినందున ఆ అపోహలను గూర్చి కొంత వివరముగ వ్రాయుచున్నాను.

పొగాకు విషపు మొక్క గనుక దానికి పురుగు పట్టదని పలువురి నమ్మకము. నికోటిన్ విషమే, సందేహము లేదు. అయితే అది పుట్టుచోటు ఆకు కాదు, వేరు. వేళ్లలో తయారై నీటితోపాటు పైకెక్కి ఆకులలో నిలువ యగును. 1940వ దశకమున శాస్త్రజ్ఞులు పొగాకు వేరుమీద టమాటా కొమ్మను అంటుకట్టి చూడగా ఆ టమాటా ఆకులలో నికోటిన్ కనబడినది. టమాటా వేరుమీద కట్టిన పొగాకు కొమ్మలో అది దాదాపు లేకపోయినది. వేరు చెడిన మొక్కకు ఆ కవచమును చెడునని దీనివలన తెలియుచున్నది. కవచము చక్కగ నున్నను అన్ని పురుగులను అది ఆపజాలదు. ప్రత్తిలో, మిరపలో, వేరుశనగలో మన రైతులు చూచి దిగులుపడు పురుగునకు పొగాకు లద్దెపురుగనియే పేరు. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పుకొన్న గ్రుడ్ల ముద్ద కనబడిన, ఆ ఆకును అప్పుడే త్రుంచి నాశనము చేయుట అన్నిటికంటె సులభమైన చికిత్స. ఆ దశ దాటి, పిల్లపురుగులు పత్రహరితమును గీకి తినగా ఆకు జల్లెడవలె మిగిలినచో, 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడకట్టి, సాయంకాలము చల్లవలెను. పెద్దపురుగు పగలు మట్టిలో దాగును గనుక దానిని రాత్రి దీపము పట్టుకొని వెదకవలెను.

ఆకు చేతికి అంటుకొనుట చూచి పేనుబంక పట్టినదని భయపడువారు గలరు. పొగాకు ఆకునిండ సన్నని నూగు, ఆ నూగు కొసల జిగురు బొట్లు, ఆ జిగురులో చిక్కి చచ్చిన చిన్న దోమలు ఉండుట ఆ మొక్కకు సహజ లక్షణము. నిజమైన పేనుబంక యైనచో ఆకు మీద నూనె పూసినట్లు మెరుపు, పిమ్మట మసివంటి నలుపు, కాండముమీద చీమల బారు కనబడును.

ఆకు పసుపెక్కిన వెంటనే యూరియా వేయవలెననుట మిక్కిలి హానికరమైన అపోహ. పొగాకు అడుగునుండి పైకి క్రమముగ పండును. వర్జీనియా పొగాకు సాగుచేయు ప్రకాశము జిల్లా రైతులు మొక్కను ఒక్కసారిగ కోయక, అడుగాకు మొదలుకొని వారము వారము పండిన రెండు మూడాకులనే విరుచుకొనుట అందువలననే. తల పచ్చగ నుండి అడుగున రెండాకులు మాత్రమే పండినయెడల అది వయోధర్మము, వ్యాధి కాదు. మొక్కయంతయు పాలిపోయిన నత్రజని కొరత. అడుగాకులలో ఈనెలు పచ్చగ నిలిచి నడిమి భాగము తెల్లబారిన మెగ్నీషియము కొరత. అంచులు మాడి క్రిందికి వంగిన పొటాషు కొరత. ఈ పొటాషును క్లోరైడు రూపమున గాక సల్ఫేటు రూపమున వేయుట పొగాకు సాగులో చిరకాలపు కట్టుబాటు. చిగురాకులే ఈనెలు తప్ప పసుపెక్కినచో అది ఇనుప ధాతువు లోపము. సున్నపు అంశ మెక్కువగ నుండు నల్లరేగడిలో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము వేరునకు అందక ఇట్లగును. దానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుమీద చల్లిన గుణము కనబడును. ఇన్ని విధముల పసుపునకు ఒక్క యూరియా మందెట్లగును? చిటికెడు హెచ్చిన, కుండీలో పారిపోవుటకు చోటులేని వేళ్లు మాడును.

వాడిన మొక్కకు నీరు పోయవలెననునది అందరును ఎరిగిన సూత్రమే, కాని సగము సత్యము. విశాలమైన ఆకులు గల పొగాకు మిట్టమధ్యాహ్నము తల వాల్చి చల్లపూట తానే లేచును. తెల్లవారుజామున గూడ వాలియుండి, మట్టిలో వ్రేలు గ్రుచ్చిన తడి తగిలినచో, అది దాహము కాదు, ఊపిరాడకపోవుట. నా మొదటి కుండీకి ఇదే సంభవించినది. చేలో నల్లరేగడి బాగుగ పంట నిచ్చుచున్నదిగదా యని ఆ మట్టినే కుండీకి నింపితిని. చేలో బారెడు లోతునకు దిగిపోవు నీరు కుండీలో అడుగున నిలిచి, ఆ జిగటమన్ను వేళ్లను బిగబట్టెను. కుండీ బోర్లించి చూడగా వేళ్ల కొసలు గోధుమరంగు తిరిగి, పట్టిలాగిన పై తొక్క ఊడి, లోని దారము మాత్రమే చేతికి వచ్చెను. కుళ్లిన వేళ్లను కత్తిరించి, ఎర్రమట్టి, ఇసుక, బాగుగ చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగు రంధ్రముపై పెంకులు పరచి తిరిగి నాటి, వారము దినములు నీడన ఉంచితిని. మూడవ వారమున క్రొత్త చిగురు వేసినది. వేళ్లమీద కుళ్లునకు బదులు బుడిపెలున్నచో అవి నులిపురుగుల పని. ఆ మట్టిని తిరిగి వాడరాదు.

చేలమట్టితో మరియొక ముప్పును వచ్చును. మొక్క మొదట పచ్చదన మేమాత్రము లేని పాలిపోయిన కాడ లేచి, లేత ఊదారంగు పూలు పూచిన, అందముగ నున్నదని ఉంచుకొనరాదు. పొగాకు రైతులు దానిని పొగాకు మల్లె అందురు. అది పొగాకు వేరును పట్టుకొని రసము పీల్చు పరాన్నజీవి. ధూళికంటె సన్నని దాని విత్తులు మట్టిలో ఏండ్ల తరబడి బ్రతికియుండును గనుక గింజకట్టక మునుపే పెరికివేయవలెను.

ఆకుమీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు కలగలిసి, పలక ముడుతలు పడి, చిగురు సన్నబారినప్పుడు ఏదో ఒక మందు చల్లిన నయమగుననుట అన్నిటికంటె పెద్ద అపోహ. ఈ మొజాయిక్ తెగులునకు మందు లేదు. దీని చరిత్ర మహత్తరమైనది. 1886లో హాలెండునందు అడోల్ఫ్ మాయర్ రోగిమొక్క రసమును మంచిమొక్కలోనికి ఎక్కించి తెగులు అంటునని నిరూపించెను. 1892లో రష్యాయందు ఇవనోవ్‌స్కీ బాక్టీరియాను ఆపు వడపోతగుండ ఆ రసము దాటియు తెగులు కలిగించుట కనుగొనెను. 1898లో బైజెరింక్ అది బాక్టీరియా కాని మరియొక అంటుపదార్థమని చెప్పెను. 1935లో అమెరికాయందు స్టాన్లీ దానిని స్ఫటికములుగ వేరుచేసి, 1946లో నోబెల్ బహుమానము పొందెను. వైరస్ అను జాతినే మానవుడు మొదట గుర్తించినది ఈ పొగాకు ఆకుమీద. దీనిని మోయుటకు దోమ యక్కరలేదు. మన చేయి చాలును. ఎండిన పొగాకులోను ఇది చావదు గనుక, బీడీ త్రాగిన చేతితోనో, తంబాకు నలిపిన వ్రేళ్లతోనో మొక్కను తాకినవాడు తెలియకయే రోగమును అంటించును. టమాటా, మిరప మొక్కలకును అదే గతి. సబ్బుతో చేతులు కడుగుకొనుట, కత్తెరను సబ్బునీట తోముట, రోగిమొక్కను వేరుతో సహా తీసివేయుట ఇవియే చేయదగినవి. ఆకు అంచులు ముడుచుకొని, ఈనెలు అడుగున లావెక్కినచో మాత్రము అది తెల్లదోమ తెచ్చు ఆకుముడత. అక్కడ దోమను అరికట్టుటయందు అర్థ మున్నది.

ఇక తంబాకు కషాయము సర్వరోగనివారిణి యను నమ్మకము. నేనును ఆ నమ్మకముతోనే మొక్కను పెంచితిని గనుక దీనిని మనసార ఖండించుచున్నాను. ఆకును ఊరకే నానబెట్టిన నీటిలో మొజాయిక్ వైరస్ చెక్కుచెదరక మిరపకు చేరును. పైగా నికోటిన్ చర్మముగుండ దేహములోనికి పోవును. తడి ఆకులను వట్టి చేతులతో త్రెంచు పొగాకు కూలీలకు తలత్రిప్పుట, వాంతులు కలుగుట వైద్యులెరిగిన వ్యాధి. వంటపాత్రలో దీనిని కాచుట, పిల్లలకు మేకలకు అందుచోట కుండీ నుంచుట ప్రాణాపాయము. మిరపకు ఇప్పుడు వేపగింజల నీరే వాడుచున్నాను.

రెండవ కుండీలోని మొక్కకు మొజాయిక్ పట్టినది. చినుకు లేని ఉదయమున చేతులకు సంచి తొడిగి, ఇతర ఆకులకు తగులనీయక వేరుతో పెకలించి, పెరటి మొక్కలకు దూరముగ లోతున పూడ్చితిని. మట్టిని పారబోసి, కుండీని సబ్బునీట తోమి, ఎండలో బోర్లించియుంచితిని.