పది కిలోమీటర్ల గీత

2025 ఫిబ్రవరి రెండో వారంలో భోపాల్‌ ప్రయోగశాల నుంచి కబురొచ్చింది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు చచ్చింది హెచ్‌5ఎన్‌1 బర్డ్‌ఫ్లూతోనేనని. అధికారులు మ్యాపు మీద రెండు వలయాలు గీశారు. రోగమున్న ఫారానికి కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా. తెలంగాణ సరిహద్దులో మన కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. భీమవరంలో చికెన్‌ కొట్లు ఈగలు తోలుకున్నాయి. 70 డిగ్రీల వేడికే ఆ వైరస్‌ చస్తుంది, ఉడికిన కూరకు భయం లేదని చెప్పినా వినేవాళ్లేరీ?

ఆ పది కిలోమీటర్ల గీత కూడా ఒక లెక్కే. దగ్గరున్న ఫారానికి ముందు, దూరంగా ఉన్నదానికి తర్వాత, అన్ని దిక్కులకూ ఒకేలా రోగం పాకుతుందన్న ఊహ అందులో ఉంది. హడావుడిలో పనికొచ్చే ఊహే. అయితే గోదావరి డెల్టాలో కోళ్ల వ్యాపారం అలా గుండ్రంగా సాగదు.

అంటురోగాలకు లెక్కకట్టే విద్య మనకు మరీ పరాయిదేం కాదు. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్‌ రాస్‌ ఆ తర్వాత సమీకరణాల్లో పడ్డాడు. దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గిస్తే మలేరియా దానంతటదే పోతుందని చూపించాడు. కసౌలి పాశ్చర్‌ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి వెళ్లిన మెకెండ్రిక్‌, ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయిన కెర్మాక్‌తో కలిసి 1927లో జనాన్ని మూడు గుంపులు చేశాడు: రోగం రాగలవాళ్లు, వచ్చినవాళ్లు, కోలుకునో పోయో లెక్కలోంచి తప్పుకున్నవాళ్లు. ఒక గుంపులోంచి మరో గుంపులోకి రోజుకు ఎందరు మారుతున్నారన్నదే ప్రశ్న. తమ లెక్కను సరిచూసుకోవడానికి వాళ్లు తీసుకున్నది 1905-06లో బొంబాయిలో ప్లేగుతో చనిపోయినవాళ్ల పట్టిక. ఇవాళ పశువుల రోగాలకు వేసే లెక్కల్లో చాలామటుకు ఆ మూడు గుంపుల మీద కట్టినవే.

కోళ్ల దగ్గరికొస్తే, గుంపులో ‘ఒకటి’ అంటే కోడా, ఫారమా? గుడ్ల కోళ్లు పంజరాల్లో ఇరుక్కుని ఉండే షెడ్డులో వైరస్‌ పడ్డాక లెక్కించడానికి పెద్దగా ఏం మిగలదు. అందుకే ఫారాన్నే ఒకటిగా తీసుకుంటారు. రోగమొచ్చిన ఒక ఫారం, తలుపులు మూసేలోపు మరెన్ని ఫారాలకు అంటిస్తుంది? అది ఒకటి దాటితే రోగం పెరుగుతుంది, తగ్గితే అణగిపోతుంది.

ఉదాహరణకు, సగటున నాలుగు రోజులకొక కొత్త ఫారానికి అంటుకుంటోందనుకుందాం. ఎనిమిదో రోజున గానీ బయటపడకపోతే ఒకటి రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. నాలుగో రోజున పట్టేస్తే ఒకటికి ఒకటే. మూడో రోజునే పట్టేస్తే ముప్పావు, అంటే నాలుగు ఫారాలు కలిసి మూడింటికే అంటిస్తాయి, ఆ తర్వాత ఇంకా తక్కువ. వైరస్‌ అదే, కోళ్లు అవే. తేడా ఐదు రోజులది.

ఆ ఐదు రోజులు ఎక్కడ పోతాయో కోళ్ల రైతును అడగాలి. ఇరవై వేల కోళ్లున్న చోట రోజుకు నాలుగైదు చావడం మామూలే. ఒకనాడు పన్నెండు చస్తాయి. ఎండ ముదిరిందని సరిపెట్టుకుంటాడు. మర్నాడు ముప్పై. కొక్కెర తెగులేమోనని మందుల షాపుకి ఫోన్‌ చేస్తాడు. మూడోనాడు ఎనభై. అప్పటికైనా పశువుల డాక్టరుకు చెబితే ఫారం ఖాళీ అవుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. పరిహారం ఎంత, ఎన్నాళ్లకు చేతికొస్తుందన్నది కూడా ఈ సమీకరణంలో ఒక అంకేనని నా అభిప్రాయం. దాన్ని వదిలేసి వేసిన లెక్క కాగితం మీదే బాగుంటుంది.

ఇక నాలుగు రోజులకొక ఫారం అన్నామే, ఆ అంకె దారుల్లో తయారవుతుంది. బెంగాల్‌కో ఒడిశాకో గుడ్లు మోసే లారీలు, చేతులు మారే ట్రేలు, మేత బండ్లు, ముసలి కోళ్లను కొనే వ్యాన్లు, కోళ్ల ఎరువు తోలే ట్రాక్టర్లు, ముక్కులు కత్తిరించడానికి షెడ్డు తర్వాత షెడ్డు తిరిగే ముఠాలు. ఏ బండీ పంచుకోని పక్క ఫారం కన్నా, ఒకే ట్రేలు వాడుకునే నలభై కిలోమీటర్ల అవతలి ఫారానికే ముప్పు ఎక్కువ కావచ్చు.

మన భీమవరం మాటకొస్తే సంక్రాంతి ఉండనే ఉంది. కోర్టులు కాదన్నా బరులు వెలుస్తాయి. ఎక్కడెక్కడి పుంజులో చంకనెక్కి వస్తాయి, గెలిచినవి తిరిగి వెళ్తాయి. ఇది పందేల మీద నేరం మోపడం కాదు. మామూలు రోజుల్లో ఒకదాన్నొకటి ఎరగని వందల పెరళ్లను మూడు రోజులపాటు ఒక్క బరి కలిపేస్తుందన్నదే లెక్కకు కావలసిన సంగతి. 2004 నుంచి బర్డ్‌ఫ్లూతో సతమతమైన థాయిలాండ్‌ పందెం కోళ్లకు ఏకంగా పాస్‌పోర్టులు పెట్టింది! కోళ్ల సంఖ్య కన్నా, కోత కోసిన చేలల్లో మేస్తూ తిరిగే బాతుల మందలతోనే రోగం ఎక్కువగా ముడిపడి ఉందని అక్కడి పరిశోధనల్లో తేలింది. బాతుకు వైరస్‌ ఉన్నా చాలాసార్లు పైకి కనిపించదు. వరి మళ్లు, తిరిగే బాతులు, పైన కొల్లేటికి వచ్చే వలస పక్షులు: ఈ వర్ణన ఎవరిదో డెల్టావాళ్లకు చెప్పక్కర్లేదు.

లెక్క తప్పుదారీ పట్టించగలదు. 2001 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో గాలికుంటు బయటపడేసరికే గొర్రెల సంతల గుండా అది దేశమంతా పాకిపోయింది. కంప్యూటర్‌ నమూనాలు చూసి, రోగమున్న ఫారాల పక్కవాటిలో కూడా పశువులను చంపారు. మొత్తం 60 లక్షలకు పైగా పోయాయి. అంత అవసరమా అన్న వాదన తర్వాత కూడా తెగలేదు. పక్కనున్నంత మాత్రాన ప్రతి మందకూ ఒకే ముప్పు ఉండదని పశువైద్యులు మొత్తుకున్నారు.

బెంగళూరులోని నివేది సంస్థ పశువుల రోగాల మీద రెండు నెలల ముందే జిల్లాలవారీగా హెచ్చరికలిస్తుంది. జిల్లా చాలా పెద్ద మాట. గుడ్ల వ్యాపారి చిట్టాపుస్తకంలో ఏ తేదీన ఏ ఫారంలో ఎన్ని ట్రేలు ఎత్తారో రాసి ఉంటుంది. వలయం గీసే రోజునే ఆ పుస్తకాన్నీ తెరిస్తే, ముందు ఫోన్‌ చేయాల్సిన ఫారాలు పక్క ఊళ్లో ఉన్నాయో, పాలకొల్లు అవతల ఉన్నాయో ఆ పేజీలు చెబుతాయి.