పోగు తెగితే ఆగే సాంచ

కోరుట్లకు రైలుంది. సిరిసిల్లకు ఇంకా రాలేదు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా బస్సులో పోయి సిరిసిల్లలో దిగితే, నేత కార్మికుల వాడ బి.వై. నగర్ చేరకముందే ఊరేదో చెవికి తెలిసిపోతుంది. గోడల వెనక నుంచి టకటకమని ఒకే మోత. పక్కన మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. మరమగ్గం అన్న మాట కాగితాల్లో కనిపిస్తుంది కానీ ఇక్కడి నోళ్లలో దాని పేరు సాంచ.

సాంచ చేసేది మూడే పనులు. నిలువు పోగుల్ని, అంటే పడుగును, పైకీ కిందికీ విడదీసి దారి చేస్తుంది. ఆ దారిలో పేక పోగున్న నాడెను ఒక కొస నుంచి ఇంకో కొసకు విసురుతుంది. వచ్చిపడిన పోగును పన్నెతో గుడ్డ మీదికి కొట్టి కూరుతుంది. ఈ మూడూ కలిస్తే ఒక పేక. మామూలు సాంచ నిమిషానికి వంద పైచిలుకు పేకలు వేస్తుంది. చేతి మగ్గం చేసేదీ ఇదే. కాకపోతే అక్కడ కాలూ చెయ్యీ, ఇక్కడ మోటారు.

ఈ యంత్రం పుట్టుక వెనక ఒక ఇరుకు కథ ఉంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు లాగితే తనంతట తానే పరిగెత్తే నాడెను తయారు చేశాడు. నేతగాడి వేగం పెరిగింది, నూలు చాలకుండా పోయింది. ఆ కరువు తీర్చడానికి హార్‌గ్రీవ్స్ చేసిన, నూలు వడికే జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి చక్రంతో నడిచే రాట్నం వచ్చాయి. అప్పుడు నూలు గుట్టలు పడింది, నేసే చేతులు చాల్లేదు. ఒకచోట ముడి విప్పితే పక్కన బిగుసుకుంది. సరుకు నడిచే దారి ఎంత పొడవున్నా దాని వేగాన్ని నిర్ణయించేది అన్నిటికంటే ఇరుకైన చోటే. సరఫరా గొలుసు గురించి ఇవాళ మేనేజ్‌మెంట్ తరగతుల్లో చెప్పే మొదటి పాఠం ఇదే. దాన్ని లోకానికి నేర్పింది మగ్గం.

ఆ రెండో ఇరుకును విప్పబోయినవాడు నేతగాడు కాదు, ఎడ్మండ్ కార్ట్‌రైట్ అనే చర్చి పూజారి. 1785లో ఆయన మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా ఎవరైనా నేస్తుండగా ఆయన చూడనే లేదట! అందుకే ఆ మొదటి యంత్రాన్ని నడపడానికి ఇద్దరు బలమైన మనుషులు కావాల్సి వచ్చింది, వాళ్లు కూడా కాసేపట్లోనే అలిసిపోయేవారు. తర్వాత వెళ్లి అసలు మగ్గాల్ని చూసి, మార్పులు చేసుకున్నాడు. పనికొచ్చే మరమగ్గం కుదురుకోవడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. 1840ల నాటి లాంకషైర్ మగ్గం పోలికలు ఇవాళ్టి సాంచలోనూ కనిపిస్తాయి.

ఆ పోలికల్లో ఒకదాన్ని దగ్గరికి పోయి చూడాలి. గుడ్డ అంచు పక్కన మూడు వేళ్లున్న చిన్న ఇనుప ఫోర్కు ఉంటుంది. నాడె దాటాక పేక పోగు దాని వేళ్లకు అడ్డంగా పడి ఉంటే, పోగు తగిలి వేళ్లు వెనక్కి జరుగుతాయి, ఫోర్కు తోక పైకి లేస్తుంది. తోక లేస్తే కింద కదిలే కొక్కెం దాన్ని అందుకోలేదు, సాంచ నడుస్తుంది. పోగు తెగినా, నాడెలోని కండె అయిపోయినా వేళ్లకు తగిలేదేమీ ఉండదు. తోక లేవదు. కొక్కెం దాన్ని పట్టి లాగుతుంది, హ్యాండిల్ జారుతుంది, సాంచ ఠక్కున ఆగుతుంది. కరెంటుతో గానీ కంప్యూటరుతో గానీ పని లేదు. లేని పోగును కనిపెట్టడమే ఆ ఫోర్కు పని.

ఈ ఆలోచనను జపాన్‌లో ఒక వడ్రంగి కొడుకు ఇంకా ముందుకు నడిపాడు. ఆయన పేరు సకిచి టొయొడా. 1896లో ఆయన చేసిన మరమగ్గం పేక తెగగానే ఆగేది. 1924 నాటి జి-టైప్ మగ్గమైతే నడుస్తుండగానే ఖాళీ నాడెను తీసేసి నిండు నాడెను తనే పెట్టుకునేది. ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ 1929లో లక్ష పౌండ్లకు దాని హక్కులు కొన్నది. సకిచి కొడుకు కీచిరో 1937లో టొయోటా మోటార్ కంపెనీ స్థాపించాడు. ఆ కుటుంబపు నేత మిల్లులో 1932లో చేరిన తాయిచి ఓనో తర్వాత కార్ల ఫ్యాక్టరీకి మారి, మగ్గం దగ్గరి సూత్రాన్ని అక్కడా అమలు చేశాడు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే పని ఆగాలి. దానికి ఇంకో సూత్రం తోడైంది, కావలసిన సరుకు కావలసిన వేళకు, కావలసినంతే రావాలి. ప్రపంచమంతా వల్లించే ‘జస్ట్ ఇన్ టైమ్’ ఈ రెండో సూత్రమే.

ఇక మన సాంచ దగ్గరికి వద్దాం. భివండి, షోలాపూర్, సూరత్‌లకు వలసపోయి మిల్లుల్లో పని నేర్చిన పద్మశాలీల కథ, సిరిసిల్ల కథ విడదీయలేనివి. భివండిలో పద్మానగర్ అనే వాడే ఉంది. అక్కడ వాడేసిన సాంచలెన్నో ఇక్కడికొచ్చి రెండో బతుకు మొదలుపెట్టాయి. వీటిలో ఎక్కువ భాగం పాత రకం. కండె అయిపోతే మనిషే మార్చాలి. టొయొడా వందేళ్ల కింద తీర్చిన పనిని మన కార్మికుడు ఇవాళ్టికీ చేత్తో చేస్తున్నాడు. పన్నెండు గంటల షిఫ్టులో ఒక్కడే అరడజను సాంచల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చేస్తున్నాడు.

అయితే సిరిసిల్ల కష్టం సాంచ లోపల కంటే దానికి ముందూ వెనకా ఎక్కువ. ఈ నేల మీద పత్తి పండుతుంది, సాంచల మీద ఎక్కువగా నడిచేది మాత్రం పాలిస్టర్ పోగు. అది ముడిచమురు నుంచి తీసిన రసాయనాలతో పశ్చిమ తీరపు ఫ్యాక్టరీల్లో తయారై లారీల మీద వస్తుంది. ఎక్కడో చమురు ధర కదిలితే ఇక్కడ యార్న్ ధర కదులుతుంది. వచ్చిన యార్న్‌ను వార్పిన్ యంత్రం మీద బీముకు చుట్టుకోవాలి, వైపని వాళ్లు కొత్త పోగుల కొసల్ని పాత కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి, కండెలు చుట్టాలి. అప్పటిగ్గానీ సాంచ కదలదు. యార్న్ కొని పెట్టుబడి పెట్టేది యజమాని, కూలి లెక్కన నేయించేది ఆసామి, నేసేది కార్మికుడు. మూడు మెట్లు. పైమెట్టు మీద ఆర్డర్ తడబడితే కింది మెట్టుకు అన్నం తడబడుతుంది.

2017లో ప్రభుత్వం పండుగకు ఆడవాళ్లకు పంచే బతుకమ్మ చీరల పథకం వచ్చినప్పుడు ఈ గొలుసు తన గుణం చూపించింది. ఏటా కోటి చీరల లెక్క. మొదటి ఏడాది అంత సరుకు పండుగలోగా ఇక్కడ నేయడం కుదరక, పెద్ద భాగం సూరత్ నుంచి తెప్పించారు. చీరలు బాగాలేవని ఆడవాళ్లు వీధుల్లోనే తగలబెట్టిన దృశ్యాలు అందరూ చూశారు. తర్వాతి ఏళ్లలో పని సిరిసిల్లకు వచ్చింది, సాంచలకు డిజైన్లు తీసే డాబీలు, జకార్డులు బిగించుకుని అంచుల చీరలు నేశారు.

కోటి చీరలంటే ఎంత పని? చీరకు 6 మీటర్లు వేసుకున్నా 6 కోట్ల మీటర్లు. నిమిషానికి 120 పేకలు, మీటరుకు 2 వేల పేకలు అనుకుంటే సాంచ గంటకు మూడున్నర మీటర్లు నేస్తుంది. రోజుకు ఒక షిఫ్టు లెక్కన, ఆగినవీ తెగినవీ తీసేస్తే 30 మీటర్లు. 15 వేల సాంచలు ఇదే పనిలో ఉన్నా నాలుగున్నర నెలలు. దీనికి ముందు యార్న్ తెప్పించడం, బీములు చుట్టడం, వెనక మడత, తనిఖీ, ఊరూరికీ లారీలు. ఇది పైపై లెక్కే. అయినా ఆరు నెలలకు తక్కువ పడదు.

అందరూ ఒకే వారంలో యార్న్ కోసం ఎగబడితే ధర లేస్తుంది. చీరలు అయిపోయాక ఒక్కసారిగా ఎవరికీ అక్కర్లేదు. తాడు ఈ కొసను కాస్త ఊపితే అల ఆ కొసకు పోయేసరికి ఎగిరిపడుతుంది. అమెరికాలో జే ఫారెస్టర్ అనే శాస్త్రవేత్త 1961లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ సంగతినే లెక్కలతో చూపాడు. కొనేవాడి దగ్గరి చిన్న మార్పు ఉత్పత్తిదారు దగ్గరికి చేరేసరికి పెద్ద కుదుపవుతుందని. కొనేవాడు ఒక్కడే అయితే ఆ కుదుపుకు అడ్డే లేదు. 2023 చివర ప్రభుత్వం మారాక బతుకమ్మ చీరలు ఆగాయి, 2024 మొదట్లో వేల సాంచలు మూగబోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చింది, వేములవాడకు యార్న్ డిపో మంజూరైంది.

డిపో మంచిదే. దగ్గర్లో నూలు నిల్వ ఉంటే లారీ ఆలస్యమైనా, ధర ఎగిరినా సాంచ ఆగదు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేస్తున్న రైలు మార్గం సిద్దిపేట దాటి సిరిసిల్ల చేరితే రవాణా బరువు దిగుతుంది. పెట్టీకోటు గుడ్డ నుంచి బడి పిల్లల యూనిఫారం దాకా నాలుగు రకాల కొనుగోలుదార్లుంటే ఒకరి చెయ్యి ఆగినా ఇంకొకరిది ఆడుతుంది. ఇవన్నీ టైమ్ పట్టే పనులు. రూపాయి ఖర్చు లేనిది ఒకటుంది, ఆర్డర్ ఇచ్చే తేదీ.

సాంచకున్న ఫోర్కు తెగిన పోగును రెప్పపాటులో పట్టేస్తుంది. గొలుసులో తెగిన ఆర్డరును మాత్రం మనం సాంచలు మూగబోయాక గానీ చూడటం లేదు. దసరాకు ఆడబిడ్డ చేతిలో చీర పెట్టాలంటే, ఉగాది నాటికి ఆర్డర్ కాగితం సిరిసిల్లలో ఉండాలి. సాంచ లెక్క అదే చెబుతోంది.