గాసిపాల్: ప్రత్తి గింజలోని విషము

ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి కలదు. ఇచ్చటి నల్లరేగడిలో పండు ఆ పంటను మనము దూదికొరకు పెంచుదుము. దాని గింజను నానబెట్టి, రుబ్బి పాడిగేదెలకు పెట్టుట మన పల్లెల పాత అలవాటు. యునానీ వైద్యులు ఆ గింజలోని పప్పును పంబాదానా అను పేర బలవర్ధకముగా వాడుదురు. ఇంత మేలు చేయు గింజలో ఒక విషము కూడ దాగియున్నది. దాని పేరు గాసిపాల్.

గింజను చీల్చి చూచినచో పప్పులో నల్లని చుక్కలు కనబడును. పసుపుపచ్చని గాసిపాల్ నిలువయుండు గ్రంథులవి. ఆకులలోను అవి కలవు. పురుగులనుండి మొక్కను కాపాడునది ఈ విషమే. గ్రంథులు లేని ప్రత్తిని శాస్త్రజ్ఞులు పెంచి చూడగా పురుగులు దానిని ఎక్కువగా ఆశించినవి.

నెమరువేయు పెద్ద పశువుల కడుపులో గాసిపాల్ మాంసకృత్తులతో కలిసి చాలవరకు నిర్వీర్యమగును. లేగదూడలకు, కోళ్ళకు ఆ రక్షణ లేదు. అధికముగా తిన్నచో వాటి గుండె, కాలేయము చెడును.

మరి మనుష్యుల మాట ఏమి? చైనాలో శుద్ధిచేయని ప్రత్తి గింజల నూనె వాడిన పల్లెలలో సంతానము కలుగకపోవుటను వైద్యులు గుర్తించిరి. ఆ దోషమునే మందుగా మలచదలచి 1972 నుండి ఎనిమిది వేలకు పైగా పురుషులకు గాసిపాల్ ఇచ్చి చూచిరి. మొదట దినమునకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చినను, గర్భనిరోధమునకు అది చాలెను. కాని కొందరికి రక్తమునందలి పొటాషియము తగ్గి కాలుసేతులు చచ్చుబడెను. కొందరికి మందు మానిన పిమ్మటను సంతానశక్తి తిరిగి రాలేదు. కావున 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరిశోధనను విడువవలెనని సూచించెను.

అట్లని ప్రత్తి నూనెకు భయపడ నక్కరలేదు. క్షారముతో శుద్ధిచేసినచో గాసిపాల్ దాదాపుగా తొలగిపోవును. ఆకులలో విషమును నిలిపి గింజలో మాత్రము తగ్గించిన ప్రత్తిని అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున, భారత సంతతివారగు కీర్తి రాథోడ్ బృందము 2006లో ప్రకటించెను. దాని గింజను ఆహారముగా వాడుటకు 2019లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది.

మేము చెప్పదలచినది ఇంతే. గానుగలో ఆడిన ముడి ప్రత్తి నూనెను వంటకు వాడరాదు. లేగదూడలకు, కోళ్ళకు ప్రత్తి గింజలు, ప్రత్తి చెక్క పెట్టరాదు. పంబాదానాను వైద్యుని సలహా లేక సేవింపరాదు. ఒకే పదార్థము మొక్కకు కవచము, గేదెకు మేతలో భాగము, దూడకు విషము. పుచ్చుకొను ప్రాణిని, మోతాదును ఎరుగక ఏ మూలికను మందనరాదు.